పిల్లి మెచ్చిన అలుకు

ములకలపల్లి బడిలో తెలుగు పండితుడిగా కొన్నేళ్లు గడిపి, ఎనభైల తొలినాళ్లలో బదిలీపై ఖమ్మం చేరినప్పుడు, ఖానాపురం హవేలిలో కిరాయికి తీసుకొన్న ఇంటికి మా సామానుతో పాటు ఒక పిల్లి కూడా వచ్చింది. బూడిదవన్నె ఒళ్లు, తెల్లని మెడ. అడవి అంచున ఉన్న మా మట్టియింటి అటక మీద, పాతగోనెల నడుమ కళ్లు తెరిచిన జీవి అది. మా ఆవిడ దానిని వెదురుబుట్టలో పెట్టి, పైన పాతచీర కట్టి, బస్సులో దారి పొడుగునా ఒడిలోనే ఉంచుకొంది. ఆ ఊరి నుండి తనదంటూ ఆమె తెచ్చుకొన్నది అదొక్కటే.

కొత్త ఇల్లు గచ్చు ఇల్లు. పెరడు సైతం సిమెంటు పరిచినదే. వీధికుక్కలకు జడిసి పిల్లిని గడప దాటనిచ్చేవాళ్లం కాము. ములకలపల్లిలో అది బీరపాదు దగ్గర మట్టి తవ్వి, పని ముగించుకొని, తిరిగి మట్టి కప్పి, వాసన చూసి తృప్తిపడితే గాని లోపలికి వచ్చేది కాదు. అంతటి శుచిమంతురాలు ఇక్కడ అడుగుపెట్టిన కొద్దిరోజులకే దేవుడిమూలను పాడుచేసింది.

మా అమ్మ మడి గల మనిషి. ఆ మూలను కడిగి, పొరుగింటి ఆవుపేడ తెప్పించి, దళసరిగా అలికి ముగ్గు పెట్టింది. అలుకు ఆరిందో లేదో, పిల్లి మళ్లీ అక్కడే. మళ్లీ కడగడం, మళ్లీ అలకడం. అమ్మ చీపురు విసిరింది, చెవి మెలిపెట్టింది, ముఖాన నీళ్లు కొట్టింది. మమ్మల్ని చూస్తే మంచం కింద దూరడం మాత్రం నేర్చుకొంది గాని, పిల్లి ఆ మూలను విడువలేదు.

“ఏందే నీ పిల్లి? ఇల్లంతా వదిలి దేవుడి కాడికే వస్తది. దీనికేమన్న మొక్కున్నదా?” అంది అమ్మ.

“భక్తి ఎక్కువైందేమో అత్తయ్యా” అంది మా ఆవిడ.

“నవ్వు, నవ్వు. మీ మామయ్య తద్దినం వస్తున్నది. ఆ లోపల ఇది మారకుంటే గోనెసంచిల కట్టి మున్నేటి అవతల ఇడిసిపెట్టుడే. అవ్, చెప్తున్న.”

చెడిన పిల్లికి మా వైపు అదే శిక్ష. దారి కనబడకుండా సంచిలో కట్టి నీరు దాటిస్తే, ఇక ఇల్లు పోల్చుకోలేదని నమ్మకం. అమ్మ అన్నదంటే జరిగి తీరేదే. ఆ పూట మా ఆవిడ అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా కూర్చుండిపోయింది.

మరునాటి నుండి ఆమె పిల్లిని అదిలించడం మాని, గమనించసాగింది. తలుపు చాటున బియ్యం ఏరుతూ దాని రాకపోకలు చూసేది. ఒకనాడు నన్ను సైగ చేసి పిలిచింది. “జర ఇటు రండి. సప్పుడు చెయ్యకండి.”

పిల్లి గచ్చు మీద కాలితో గీరింది. గోళ్లు జారాయి. విసుగ్గా తోక విదిలించి, అలికిన మూలకు నడిచింది. అక్కడ గీరగానే ఎండిన పేడ పొరలు పొరలుగా లేచింది. దాని ఒళ్లంతా నెమ్మదించడం నా కళ్లకు కనబడింది.

“చూసిన్రా? దానికి అది ములకలపల్లి నేల” అంది మా ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు పిల్లిని గురించి మాత్రమే పలకలేదు. మైల పోవాలని అమ్మ చేస్తున్న శుద్ధియే దానికి పిలుపు అవుతున్నది.

మేస్త్రీలు పారేసిన రేకుతట్ట ఒకటి తెచ్చి, ఇసుక నింపి, దొడ్డితలుపు పక్కన పెట్టాము. పిల్లి వాసన చూసి వెళ్లిపోయింది. ఇక అమ్మతో చెప్పక తప్పలేదు.

“అత్తయ్యా, కోపం చెయ్యనంటే ఒక మాట. దేవుడిమూలల అలుకు మానుదాం. ఈ తట్టల అలుకుదాం.”

“పిల్లి దొడ్డికి నేను అలకాల్నా? బుద్ధి ఉన్నదా నీకు? అంటే తప్పు నా అలుకుదంటవ్?”

“తప్పెందుకైతది? దానికి మీ చెయ్యి నచ్చింది.”

“మాటలు మాత్రం బాగ నేర్చినవ్” అని అమ్మ ముఖం తిప్పుకొంది. కానీ మరునాడు పేడ తెప్పించలేదు. తద్దినం ముంగిట దేవుడిమూలకు అలుకు మానడం ఆమెకు సామాన్యమైన సంగతి కాదు. మా ఆవిడ ఆ మూలలోని పెళ్లలను గీకి తట్టలో వేసింది. వేడినీళ్లతో, కుంకుడు పిప్పితో వాసన పోయేదాకా గచ్చును తోమి, పైన పీట వేసింది. పిల్లి ఆ పీట చుట్టూ తిరిగి, తిరిగి, చివరకు తట్టలోకి కాలు పెట్టింది.

అయినా తద్దినం నాడు మా కళ్లు ఆ మూల మీదే ఉన్నాయి. భోక్తలు విస్తళ్ల ముందు కూర్చొన్న వేళ పిల్లి మంచం కింద నుండి బయటికి వచ్చింది. మా ఆవిడ వడ్డిస్తున్న గరిటె గాలిలో ఆగింది. పిల్లి పీట పక్కగా నడిచి, దొడ్డితలుపు దగ్గరికి పోయి, తట్టలో తవ్వుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఇప్పుడు లేరు. ఆనాటి సాయంత్రం కోసం నా మనసు ఈనాటికీ కొట్టుకొంటుంది. విస్తళ్లు ఎత్తిన చోటు శుద్ధిచేయగా మిగిలిన పేడనీళ్ల బకెట్టును అమ్మ దొడ్డివైపు తీసుకుపోయి, తట్టలో ఒంపి, చేత్తో సమంగా అలికింది. “మిగిలినయి. పారబొయ్యడమెందుకని” అంది, ఎవరినీ చూడకుండా. మా ఆవిడ మెట్టు మీద కూర్చొని, తడి పేడవాసనను గుండెనిండా పీల్చుకొంది. “అచ్చం మన వాకిలి లెక్కనే” అంది. పిల్లి అలుకు ఆరేదాకా వారి నడుమ ఓపికగా కూర్చొంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్నెవరూ దగ్గరికి పిలువలేదు, నాకూ కదలాలనిపించలేదు.