నేను పంపిన స్క్రీన్‌షాట్

తెలంగాణ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, దేవరకొండకు కొంచెం అవతల రోడ్డు పక్కనున్న ఒక జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్లుగా కట్టి పంపే మిల్లు అది. మాది గొర్రెలు కాసే ఇల్లు. కొడుక్కి కుర్చీలో కూర్చునే పని దొరికిందని బాపు ఊరంతా చెప్పుకున్నాడు.

మిల్లులో ఆరు కంప్యూటర్లు ఉండేవి. చేరిన కొద్ది రోజులకే మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

"అన్నిట్ల ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కియ్యి. ఐదు నిమిషాలకోపారి తెర ఫోటో తీస్తది. రోజు మధ్యాహ్నం నువ్వు చూడాలె. ఎవడు పని ఎగ్గొట్టి ఆటలాడుతాండో నాకు పంపాలె. ఎవ్వలకు చెప్పకు."

ఎక్కించాను. మొదట్లో క్రికెట్ స్కోర్లు, సినిమా పాటలు కనిపించేవి. తర్వాత వేరేవి కనిపించాయి. అకౌంటెంట్ తన తమ్ముడికి కోపంగా రాసిన మెయిల్ చదివాను. స్టోర్ కీపర్ ఫేస్‌బుక్‌లో ఎవరితోనో చెప్పుకునే ముచ్చట్లు చదివాను. వాళ్లే మధ్యాహ్నం నా పక్కన టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చునేవారు. ఇది తప్పని నాకు అప్పుడు అనిపించలేదు. సరదాగానే ఉండేది.

కాంటా గదిలో ఒక ముస్లిం పెద్దమనిషి ఉండేవాడు. పత్తి ట్రాక్టర్లను తూచేది ఆయనే. ఆయన తూకమంటే రైతులు రెండోసారి అడిగేవారు కాదు. అందరం భాయ్ అనేవాళ్లం. నన్ను తమ్మీ అనేవాడు, తన డబ్బాలోంచి నాకూ అన్నం పెట్టేవాడు. ఆయన చేతిలో ఉన్నది మామూలు బటన్ ఫోన్. కాంటా కంప్యూటర్‌లో తెలుగులో ఎట్లా కొట్టాలో నేనే నేర్పించాను. ఒక వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు.

ఒకరోజు ఆయన తెర ఫోటోలో "మూత్రంలో రక్తం ఎందుకు పడుతుంది" అని వెతికినట్టు కనిపించింది. తర్వాతి రోజూ అదే ప్రశ్న. ఆ తర్వాత చాలా రోజులు అదే. అడుగుదామంటే నాకెట్లా తెలిసిందో చెప్పాలి. అడగలేదు.

పత్తి జోరుగా వస్తున్న రోజులవి. పక్క తండా నుంచి వచ్చే ఒక అక్క, పత్తిని యంత్రాల్లోకి మోసే బెల్టు కింద రాలినది ఊడుస్తుండేది. ఆ బెల్టు మీద ఉండాల్సిన ఇనుప మూతను, మాటిమాటికీ పత్తి ఇరుక్కుంటున్నదని నెల ముందే ఊడదీశారు. మళ్లీ బిగించలేదు. ఒక పొద్దున ఆమె చేతిని బెల్టు లాక్కుంది. అన్ని యంత్రాల మోతలోనూ ఆ కేక ఆఫీసు దాకా వినబడింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి మోటారు ఆపారు గానీ, మోచేతి కింద చెయ్యి చెయ్యిలా లేదు. దూది రక్తాన్ని ఎంత తొందరగా పీల్చుకుంటుందో ఆ రోజు చూశాను. దవాఖానలో మోచేతి దాకా తీసేశారు.

అదే సాయంత్రం మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఆమె ఇయ్యాల పనికే రాలే. ఎవర్నో కలువనీకి వచ్చింది. హాజరుల పేరు తీసెయ్యి."

తీసేశాను.

మూడో రోజు మధ్యాహ్నం కాంటా గది ఫోటోలు తెరిస్తే, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు భాయ్ రాస్తున్న అర్జీ కనిపించింది. బెల్టు మూత ఎప్పుడు తీశారో, ఎవరు తీయమన్నారో రాశాడు. ఆమె ఆ పొద్దున పనికి రావడం తన కళ్లతో చూశానని రాశాడు. చాలాసేపు ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను. దాన్ని తీసేయడానికి ఒక నొక్కు చాలు. కానీ అప్పుడప్పుడు మేనేజర్ తానే తెరిచి చూసేవాడు. దాచానని తెలిస్తే నా పని పోతుంది. పిలిచి నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తాడులే అనుకుని పంపించాను.

మర్నాడు పదకొండు గంటలప్పుడు నా బల్ల మీదే ఉండే మిల్లు సీసీ కెమెరాల తెరలో కాంటా గదిలోకి ముగ్గురు రావడం కనిపించింది. ముందున్నవాడు బేళ్లు కట్టించే కాంట్రాక్టర్. మిగతా ఇద్దరూ వాడి మనుషులు. ఒకడు తలుపు గడియ పెట్టాడు. కాంట్రాక్టర్ చేతిలో బేళ్లకు చుట్టే ఇనుప పట్టీ ఉంది. ఆ కెమెరాలకు చప్పుడు రాదు. పట్టీ లేచింది, భాయ్ తల పక్కకు వాలింది. మళ్లీ లేచింది. ఆయన కిందపడి బల్ల కాలు పట్టుకున్నాడు. ఒకడు నడుము మీద తన్నుతున్నాడు. ఇంకొకడు చెప్పుకాలితో ఆయన కుడిచేతి వేళ్లు తొక్కుతున్నాడు. మూడో దెబ్బ దాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ లేవలేదు.

తర్వాత పరుగెత్తాను. తలుపు బాదితే తీయలేదు. లోపలి నుంచి కాంట్రాక్టర్ గొంతు వినిపిస్తోంది.

"ఇన్‌స్పెక్టర్‌కు రాస్తవురా? ఏళ్లు ఇరుగగొడితే దేనితోని రాస్తవు?"

ట్రాక్టర్ల దగ్గరున్న రైతులను కేకేశాను. నలుగురం కలిసి భుజాలతో గుద్దితే గడియ ఊడింది. ముందు వెళ్లిన నాకు పట్టీ దెబ్బ కనుబొమ్మ మీద తగిలి చర్మం చీలింది. రైతులు మీదపడి వాళ్లను తోసేశారు. భాయ్ చెవిలోంచి రక్తం కారుతోంది. ఆటోలో నా ఒడిలో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను.

నా కనుబొమ్మకు కుట్లు వేసేలోగా ఆయన భార్య వచ్చింది. డాక్టర్ ఆమెకు చెబుతున్నాడు, మూత్రంలో రక్తం వస్తోందని, నడుము మీద తన్నడం వల్ల కిడ్నీకి దెబ్బ తగిలి ఉంటుందని.

నా నోరు ఆగలేదు. "దెబ్బలతోనే కాదు సార్. ఇరవై దినాల సంది పడుతాంది."

డాక్టర్ నా వైపు చూశాడు. భాయ్ ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంటితో నన్నే చూశాడు.

"ఇరవై దినాల సందా?" అంది ఆయన భార్య. "నాకే చెప్పలే. నీకెట్ల ఎర్క తమ్మీ?"

అప్పుడిక దాచడానికి ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ సంగతి, ఫోటోల సంగతి చెప్పాను. భాయ్ పెదవులు పగిలి ఉన్నాయి. మెల్లగా అడిగాడు.

"గా అర్జీ గూడ నువ్వే పంపినవా?"

"అవును భాయ్."

ఆమె నా చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఎన్నిసార్లో తెలియదు. అప్పుడే వేసిన కుట్లు తెగి కంట్లోకి రక్తం దిగింది. "మా ఇంట్ల దూరి చూసినవు గదరా! నీకు అన్నం పెట్టిన చేతులు ఇరిపిచ్చినవు గదరా!" నర్సు వచ్చి ఆమెను పట్టుకుంది. భాయ్ వద్దనలేదు.

"నావి ఇంకేమేం చూసినవు?" అని అడిగాడు.

చెప్పాను. బిడ్డకు రాసి పంపకుండా వదిలేసిన మెయిల్, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం గురించి వెతికినవి. ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన ముఖం గోడ వైపు తిరిగిపోయింది.

"పో. నా కండ్ల ముందట ఉండకు."

మిల్లుకు తిరిగి వచ్చేసరికి మేనేజర్ నా బల్ల దగ్గరే ఉన్నాడు. "పొద్దుగాల కెమెరాలున్నదంత తీసెయ్యి. పది నిమిషాలల్ల వస్త" అని బయటికి పోయాడు. ఆ పది నిమిషాల్లో కాంటా గది వీడియోను, భాయ్ అర్జీ ఫోటోను, దాన్ని నేను మేనేజర్‌కు పంపిన మెయిల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఊడదీస్తుండగా వాడు లోపలికొచ్చాడు. చూడగానే అర్థమైంది వాడికి. కాలర్ పట్టి నా తలను గోడకేసి రెండుసార్లు కొట్టాడు. చేతికి కీబోర్డు దొరికింది. దాంతో వాడి ముఖం మీద కొట్టాను. విరిగి మీటలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ముక్కు పట్టుకుని వాడు వంగాడు. అంతకుముందు నేను ఎవరినీ కొట్టి ఎరగను. ఒకసారి చాలదన్నట్టు ఇంకోసారి కొట్టాను. తర్వాత రోడ్డు మీదికి పరుగెత్తి, వచ్చిన బస్సు ఎక్కి, పోలీస్ స్టేషన్ దగ్గర దిగాను.

ఎస్సై వీడియో రెండుసార్లు చూశాడు. మెయిల్ చదివి నన్నడిగాడు.

"పంపింది నువ్వేనంటే నువ్వు గూడ కేసుల ఇరుకుతవు. ఎర్కేనా?"

"ఎర్కే సార్. హాజరుల ఆమె పేరు తీసింది గూడ నేనే. రాసుకోండ్రి."

కాంట్రాక్టర్‌ను, వాడి మనుషులను జైలుకు పంపారు. బెయిల్ మీద తొందరగానే వచ్చారు. కేసు ఏళ్లకేళ్లు నడిచి చివరికి ముగ్గురికీ శిక్ష పడింది. తిట్టి రమ్మన్నానే తప్ప కొట్టమనలేదని మేనేజర్ అన్నాడు, దాంతో బయటపడ్డాడు. నన్ను మాత్రం సాక్షిగానే తీసుకున్నారు. నా వాంగ్మూలంతో తండా అక్క పేరు హాజరులో మళ్లీ ఎక్కింది. ఆమెకు రావాల్సిన పరిహారం వచ్చింది. బెల్టుకు మూత బిగించారు. భాయ్ కిడ్నీలో రాయి ఉందని తేలి నల్లగొండలో తీయించుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. ఎడమ చెవి వినిపించదు.

ఆయన ఇంటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆయన భార్య తలుపు వేసేసింది. రెండోసారి, కోర్టులో సాక్ష్యం చెప్పిన తర్వాత, భాయ్ బయటికొచ్చి వాకిట్లో కుర్చీ వేశాడు. చాయ్ ఇచ్చాడు. తాగాక గ్లాసు అందుకుంటూ అన్నాడు.

"కోర్టుల నిజం చెప్పినవు, మంచిదే. గని నిన్ను చూస్తే నా ఒంటి మీద బట్టలు లేనట్టయితది తమ్మీ. మళ్ల రాకు."

వెళ్లలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకుంటున్నాను. ఇక్కడా తెరలు చూడమన్నారు. ఏమేం కనిపిస్తుందో ముందే అందరికీ రాసి చెబితేనే చేస్తానన్నాను. వారం రోజులు వాదులాట జరిగింది. చివరికి కాగితం రాసి గోడకు అంటించారు. అది చదివి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"అంటే మావి నువ్వు చదువుతవా అన్నా?"

"చదువొచ్చు అమ్మా. గందుకే నీ సొంతయి ఈ కంప్యూటర్ల ఎప్పుడు కొట్టకు."

ఆమె తన కుర్చీ దగ్గరికి పోయి, తెరిచి ఉన్న మెయిల్ మూసి, పనిలో పడింది.