గార్డు కట్టయ్య నల్ల నాలుక

కాజీపేట స్టేషన్ వెనక వాడలో గార్డు కట్టయ్య నోట ‘వస్తుంది’ అన్న మాట విన్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆయన దగ్గర ఏ ప్రశ్నకైనా ఉన్న జవాబు ‘రాదు’. వాన వస్తుందా అంటే రాదు. కరెంటు వస్తుందా అంటే రాదు. అవతల బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తున్నా సరే, ‘ఇయ్యాల నల్లా రాదు’ అని తేల్చేసేవాడు.

గూడ్సు బండి గార్డుగా పనిచేసిన రోజుల్లోనూ ఇదే వరస. ప్లాట్‌ఫాం మీద మూటలు పెట్టుకొని కూర్చున్నవాళ్లు ‘గార్డు సాబ్, పాసింజరు ఎప్పుడొస్తది?’ అని అడిగితే, ‘రాదు’ అనేసి పోయేవాడు. వాళ్లు ఉసూరుమంటూ సద్ది విప్పి రెండు ముద్దలు తినేసరికి బండి కూత పెట్టేది. ఎంగిలి చేతులతోనే పరుగెత్తి, గార్డును తిట్టుకుంటూ ఎక్కేవాళ్లు. అయితేనేం, ముఖాలు మాత్రం వెలిగిపోతుండేవి. వస్తుందనుకున్న బండి వస్తే ఎవరికీ అంత సంతోషం ఉండదు మరి!

రిటైరయ్యాక ఆ మాటకు గిరాకీ మరీ పెరిగింది. వరంగల్‌కు సొంత యూనివర్సిటీ వచ్చిన కొత్తలు అవి. ఎమ్మెస్సీకి సీట్లు గుప్పెడు, రాసేవాళ్లు బండెడు. తొలి వానలు పడే వేళకు ఏ ఇంట్లో విన్నా సీటు ముచ్చటే. కట్టయ్య ఇంటి ముందు నులక మంచం వేసుకొని, దారినపోయే పిల్లల్ని ఆపి మరీ అడిగేవాడు.

‘ఎంట్రెన్స్ రాసినవా కొడుకా?’

‘రాసిన తాతా.’

‘ఎట్ల రాసినవు?’

‘మస్తు రాసిన.’

‘అయినా రాదు, పో.’

పోనీ ఆయనకేమైనా తెలుసా అంటే, యూనివర్సిటీ గేటు లోపల ఎన్నడూ కాలు పెట్టిన మనిషి కాదు. ఫిజిక్సుకూ కెమిస్ట్రీకీ తేడా ఏమిటని అడిగితే, రెండింట్లోనూ సీటు రాదనేవాడు. ఆ మాట కొట్టిపారేద్దామా అంటే అదీ కుదరదు. ఆయన నాలుక మీద గురివింద గింజంత నల్లమచ్చ ఉంది! నాలుక మీద మచ్చ ఉన్నవాడు అన్నది జరిగి తీరుతుందని వాడంతా నమ్మేవాళ్లు. నమ్మనివాళ్లకు ఆయనే నాలుక చాపి చూపించేవాడు.

సీటు వచ్చిన పిల్లలు మిఠాయి పొట్లంతో దెప్పడానికి వచ్చేవాళ్లు. ‘ఏం తాతా, రాదంటివి?’ అంటే, ఆయన లడ్డూ నములుతూ, ‘పొరపాటున వచ్చి ఉంటది. మల్లోపారి పోయి జర చూసుకొని రా’ అనేవాడు. ‘ఈయన నోటి పుణ్యాన వానకాలమంతా మా ఇంట్ల చక్కెర కొనుడే లేదు’ అని ఆయన భార్య బక్కమ్మ నవ్వేది. సీటు రానివాళ్ల తల్లిదండ్రులూ వచ్చేవాళ్లు. వాళ్ల చేతిలో మిఠాయి ఉండేది కాదు. నోటినిండా తిట్లుండేవి.

ఆ ఏడు, అంటే డెబ్భై తొమ్మిదిలో, దిల్షాద్ ఎంట్రెన్స్ రాసింది. లోకోషెడ్డులో ఫిట్టరు ఇమాం పాషా కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. కెమిస్ట్రీ అంటే ఆ పిల్లకు ప్రాణం. పాషాకు బిడ్డంటే ప్రాణమే గానీ, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ‘నా బిడ్డ ఎమ్మెస్సీ చదువుతది’ అని షెడ్డంతా చాటింపు వేసి వచ్చాడు. ఇంట్లో మాత్రం ఖరాఖండిగా చెప్పేశాడు: ‘ఒక్కపారే రాసుడు. సీటొస్తే చదువు. రాకుంటే మరిపెడ పోయి మీ మేనత్త గాజుల దుకాణంల కూసో.’

గాజుల దుకాణం తలుచుకుంటేనే దిల్షాద్‌కు ఏడుపొచ్చేది. జీవితమంతా చేతులకు గాజులు తొడుగుతూ, ‘నొచ్చిందా అక్కా, ఇంకో సైజు చూద్దాం’ అంటూ కూర్చోవడమేనా? అందుకే పరీక్ష రాసిన నాటి నుంచి కట్టయ్య మంచం కంటపడకుండా వెనక సందులోంచి తిరిగేది. తప్పించుకోగలిగిందా? ఒకనాడు ఆయన మంచం తెచ్చి ఆ సందులోనే వేసుకున్నాడు!

‘బిడ్డా, నీ సీటు ముచ్చటేంది?’

‘తాతా, నీకు దండం పెడత. జర నువ్వేమనకు.’

‘అనకుంటే ఎట్ల? రాదు.’

దిల్షాద్ ఇంటికి పోయి తలగడలో ముఖం పెట్టుకొని ఏడ్చింది. తల్లి సుల్తానా బేగం, ‘ఆ కాలీ జబాన్, నల్ల నాలుక ముసలాయనకు మన పిల్లే దొరికిందా!’ అని నోరు నొచ్చేదాకా తిట్టింది.

లిస్టు పెట్టారు. దిల్షాద్ పై నుంచి కిందికి చూసింది, కింది నుంచి పైకి చూసింది. తన పేరు లేదు. హనుమకొండ నుంచి బస్సులో వస్తుంటే, కాజీపేట ఇంత దగ్గరెందుకయిందా అనిపించింది. ఇంటి గడపలో తండ్రి చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. బిడ్డ ముఖం చూడగానే సంగతి అర్థమైపోయింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. దిల్షాద్ కళ్లు మూసుకుంది.

‘ఆ గార్డుగాని నోట్ల మన్నుబడ!’ అని ఒక్క కేక వేసి, గ్లాసు గడప మీద పెట్టి, పాషా వీధిలోకి ఉరికాడు. ముసలాయన్ని ఏం చేస్తాడోనని దిల్షాద్ వెనకాలే పరుగెత్తింది.

కట్టయ్య వీళ్లు వస్తారని ముందే తెలిసినట్టు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

‘పచ్చని సంసారంల నిప్పులు పోస్తివి గద గార్డు సాబ్! నా బిడ్డ రాత్రీ పగలూ చదివింది. నీ పాడు నోరు ఆగం జేసింది!’

‘నాదే తప్పు పాషా. పొద్దుగాల నుంచి మచ్చ ఒకటే దురద పెడుతాంది. నేను అప్పుడే అనుకున్న.’

‘అనుకున్నవా? ఇంక సిగ్గు లేకుండ చెప్పుతానవా?’

‘పిల్ల మంచిగనే రాసింది. నా నోరే మంచిది గాదు. ఇంకా తిట్టు, నాకు తక్కువే!’

జనం పోగయ్యారు. దిల్షాద్ సిగ్గుతో కట్టయ్య ఇంటి తలుపు చాటుకు పోతే, బక్కమ్మ వంటింట్లోకి లాక్కుపోయి చేతిలో చాయ్ పెట్టింది. బయట అంత రభస జరుగుతుంటే ఈమె నింపాదిగా చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

‘అమ్మమ్మా, తాతను మా అబ్బా కొడతడేమో!’

‘కొట్టడు తియ్యి. ఏడాదికొకపారి మాకిది మామూలే. బిడ్డా, ఎవ్వలకు చెప్పనంటే ఒక ముచ్చట చెప్పుత. ఆయనకు మచ్చ లేదు గిచ్చ లేదు.’

‘నేను చూసిన గద!’

‘డ్యూటీల ఊదా రంగు పెన్సిల్ ఉండెడిది. మొన నాలుకకు అద్ది, తడి జేసి రాస్తరు. పొద్దుగాల పండ్లు తోమంగనే దాన్ని నాలుక మీద గట్టిగ ఒత్తుకుంటడు, నల్లగ కనబడుతది. ఒక్కొక్కనాడు మరిచిపోయి పక్కకు ఒత్తుకుంటడు. ఎవ్వలు చూడరు.’

దిల్షాద్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘ఎందుకమ్మమ్మా?’

‘ఎన్కట ఈయన నౌకరి చేసేటప్పుడు ఒక పోరడు కాలేజీల సీటు రాలేదని, ఇంట్ల తంతరని భయపడి ఈయన బండ్ల గార్డు డబ్బాల ముడుసుకొని కూసున్నడు. ఈయన భయపడకుమని బుదరకిచ్చి ఇంటికి తోలుకపోయిండు. తండ్రి వాని కాలర్ పట్టుకున్నడు. ఈయనకేం తోచిందో, రాదని నేనే అన్న, నా నాలుక మీద మచ్చున్నదన్నడు. ఆ తండ్రి పోరని కాలర్ ఇడిసి ఈయన కాలర్ పట్టిండు. ఆనాటి సంది ఇదే పని. సీటొచ్చినోళ్లు లడ్డూలు తెస్తరు, రానోళ్లు కోపం తెస్తరు. రెండూ ఈయనే తింటడు.’

బయట పాషా గొంతు బొంగురుపోయింది. కోపం దిగుతోంది. అంతలో కట్టయ్య గొంతు వినిపించింది: ‘నువ్వెంత మొత్తుకున్నా లాభం లేదు పాషా. వచ్చే ఏడు, మీదేటికి రాసినా రాదు!’

‘మీదేటికా? ఎట్ల రాదో నేను చూస్త! నా బిడ్డ మల్ల రాస్తది! అల్లా మీద ఒట్టు, సీటు తెచ్చి నీ ముంగట నిలబడుతది!’

జనం ముందు ఒట్టు పెట్టాక ఇంక మరిపెడ ఎక్కడిది, గాజుల దుకాణమెక్కడిది! తలుపు సందులోంచి దిల్షాద్ చూసింది. కట్టయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటున్నాడు. అప్పటిదాకా తిట్టుకున్న మనిషి మీద ఆ పిల్లకు గుండెనిండా ప్రేమ పొంగింది.

ఏడాదంతా దిల్షాద్ ఒళ్లు వంచి చదివింది. రెండో ఎంట్రెన్స్ రాసి, ఈసారి వెనక సందులోంచి పోలేదు. తిన్నగా మంచం దగ్గరికే పోయి నిలబడింది. ‘తాతా, అను.’ కట్టయ్య ఆ పిల్ల ముఖంలోకి చూసి, ‘రాదు’ అన్నాడు. దిల్షాద్ వంగి కాళ్లకు దండం పెట్టబోతే, ‘రాదంటే దండమెందుకే పిచ్చిదానా!’ అని కంగారుగా కాళ్లు మంచం మీదికి లాక్కున్నాడు.

సీటు వచ్చింది.

పాషా కిలో జిలేబీ కట్టించుకొని, బిడ్డను వెంటబెట్టుకొని, దారిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటూ కట్టయ్య ఇంటికి వచ్చాడు. ‘ఏం గార్డు సాబ్! ఇప్పుడేమంటవు?’

కట్టయ్య ఒక జిలేబీ తిన్నాడు. రెండోది తిన్నాడు. మూతి తుడుచుకొని తాపీగా అన్నాడు: ‘సీటొస్తే వచ్చింది. ఫస్టు క్లాసు మాత్రం రాదు.’

పాషా మళ్లీ ఇల్లెగిరిపోయేలా అరిచి, జిలేబీ పొట్లం మాత్రం అక్కడే వదిలి బయటపడ్డాడు. సందు మలుపు తిరగ్గానే ఆయన గొంతు మామూలైపోయింది. దిల్షాద్ నెమ్మదిగా అంది: ‘అబ్బా, తాత నాలుక మీద మచ్చ...’

‘ఉత్తదే, ఊదా పెన్సిల్‌ది. షెడ్డుల మేమూ దానితోనే రాస్తం. నా నాలుక కూడ అట్లనే ఉంటది, చూసినవా ఎన్నడన్న?’

దిల్షాద్ నడక ఆగిపోయింది. ‘తెలిసి కూడ నిరుడు అంతగనం ఎందుకు తిట్టినవు?’

పాషా చొక్కా గుండీ ఒకటి పెట్టుకొని, విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు.

‘కోపం మస్తొచ్చింది బిడ్డా. ఎవల్నో ఒకల్ని తిట్టకపోతే నాకు ఆ దినం అన్నం దిగకపోతుండె. నిన్ను తిట్టుడు నాతోటి కాలె. ఆయన ఎదురుంగ కూసొని తిట్టు తిట్టు అంటాంటే తిట్టిన. మంచోడు, పాపం, ఒక్క మాట ఎదురనలె.’ మళ్లీ నడక మొదలుపెడుతూ అన్నాడు: ‘నడువు, మీ అమ్మీ ఎదురుచూస్తాంటది. జిలేబీలన్ని ఆ ముసలాయనకే ఇచ్చొస్తిమి, మనకు మల్ల కొనాలె.’