బోల్తా టీచరు పెట్టిన నిబంధన

అక్టోబరు 14, ఉదయం 7 గంటల 42 నిమిషాలు. గాలి వాయవ్యం నుంచి, గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. నీటి ఉష్ణోగ్రత పదహారు డిగ్రీలు. ఈ మూడు అంకెలనూ చిన్న నోటు పుస్తకంలో రాసుకుని, పెన్సిలును చెవి మీదికి తోసి, ఆమె లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుంది.

ఆమె వయసు అరవై ఒకటి, బరువు యాభై ఒక్క కిలోలు. తెరచాప పడవల శిక్షణ కేంద్రంలో అందరూ ఆమెను బోల్తా టీచరు అంటారు. పడవ నడపడం నేర్పేవాళ్ళు అక్కడ నలుగురున్నారు. పడవ తిరగబడితే ఏం చేయాలో నేర్పేది ఆమె ఒక్కతే. ఆ పేరు వినగానే కొత్తవాళ్ళు కిసుక్కుమంటారు, మొదటిసారి నీళ్ళలో పడి లేచాక మాత్రం నవ్వరు.

చదివింది భౌతికశాస్త్రం. చేరింది మాత్రం కేంద్రం పైగదిలో తెరచాపలు కుట్టే పనికి. పెద్ద బల్ల, మందపాటి సూదులు, మైనం పట్టించిన దారం, కిటికీలోంచి కనిపించే నీళ్ళు. ఇరవై నాలుగేళ్ళ క్రితం ఆ కిటికీలోంచే ఒక పడవ బోల్తాపడటం చూసింది. అందులోని ఇద్దరూ ఈత వచ్చినవాళ్ళే కాబట్టి పడవను వదిలేసి ఒడ్డుకు ఈదారు. ఒకడు చేరాడు. రెండోవాడిని సగం దారిలో, పెదవులు నీలిరంగుకు తిరిగాక, రక్షణ పడవ ఎక్కించింది. బతికాడు. వాళ్ళు వదిలేసిన పడవ మాత్రం మునగకుండా గంటన్నరసేపు నిక్షేపంగా తేలుతూనే ఉంది. దిగితేగాని లోతు తెలియదంటారు. ఆమె ఆ మర్నాడే నీళ్ళలోకి దిగింది.

రెండేళ్ళపాటు నేర్చుకునేవాళ్ళను నీళ్ళలో పడవ అంచుకు వేలాడదీసి, ఎవరి వేళ్ళు ఎప్పుడు పట్టు వదులుతున్నాయో కొలిచింది. నలభై మందిలో అందరికన్నా బలహీనమైన చేయి నాలుగో నిమిషంలో జారింది. అందుకే టీచరన్నవాళ్ళు పూర్తిగా తలకిందులైన పడవను ఒంటరిగా మూడు నిమిషాల్లోపు నిలబెట్టి, అందులో కూర్చుని చేయెత్తాలని నిబంధన రాసింది. నూట ఎనభై సెకన్లు. ఏటా పరీక్ష, ఒకే అవకాశం. తప్పినవాళ్ళకు నీటి మీద నేర్పే అనుమతి ఉండదు. కేంద్రం దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా అమలు చేసింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆమె కుడి భుజానికి ఆపరేషన్ అయింది.

"తను తవ్విన గోతిలో తనే పడటమంటే ఇదేనోయ్" అన్నాడు రేవుమెట్ల మీద కూర్చున్న భర్త. ఆయనది గడియారాల మరమ్మతు. పరీక్షకు వాడే స్టాప్‌వాచీని రాత్రే విప్పి, తుడిచి, సరిచూశాడు. "ఇంతకీ భుజం ఎలా ఉంది?"

"దాని చోట అదుంది. మీరు మీ గడియారం సంగతి చూసుకోండి."

"నా గడియారానికేం, నీకంటే చిన్నది."

పరీక్ష పెట్టే అమ్మాయి ఒకప్పుడు ఆమె శిష్యురాలే. ఎన్నిసార్లు ముంచినా టక్కున పైకి తేలేది కాబట్టి అప్పట్లో బెండు అని పిలిచేవారు. ఇప్పుడు ముఖ్య పర్యవేక్షకురాలు. ఒక కాగితం పట్టుకుని టీచరు దగ్గరికొచ్చింది.

"టీచర్, ఆఫీసువాళ్ళు మీకు మినహాయింపు ఇస్తామంటున్నారు. సంతకం పెడితే చాలు."

"నీళ్ళు కూడా ఇస్తాయా మినహాయింపు?"

"అది కాదు టీచర్..."

"అది కాకపోతే పద, పడవెక్కు."

పరీక్షకు, నీళ్ళలో గుర్తుగా తేలే ఎర్ర బుంగ దగ్గర ఆగాలి. అక్కడ ఈల కోసం ఎదురుచూస్తుండగా ఆమె కళ్ళు పైకి పోయాయి. ఆ తెరచాపకు ముందురోజే తాను వేసిన అతుకు ఉంది. బిగువులో కుట్టు ఎలా కూర్చుందో చూడాలని తాడు లాగి, క్లీటులో, అంటే తాడును పళ్ళతో కరిచిపట్టే బిగింపులో, ఇరికించింది. పడవ నడిపేవాళ్ళు చేయని పని అది, కుట్టేవాళ్ళ చేయి మాత్రమే చేసేది. కుట్టు సరిగ్గా ఉంది. అంతలో ఈల మోగింది. ఆమె వెనక్కి వాలి పడవను తిప్పేసింది.

పడవ పూర్తిగా తలకిందులై, తెరచాప స్తంభం నీటి అడుగుకు తిరిగింది. పక్కనుంచి తల పైకెత్తి, "ఒకటి!" అని అరిచింది. ఆమె పాఠంలో తొలి మెట్టు అదే. ఎవరూ కింద చిక్కుకోలేదని తెలిసేలా, పడవలో ఎందరుంటే అందరూ తమ అంకె అరవాలి. ఒక్కరున్నా అరవాలి. రెండో మెట్టు, పడవను వదలకూడదు. మూడోది, తెరచాప తాడు విడిపించాలి. తాను క్లీటు వాడనని ఆమెకు నమ్మకం. అందుకని మూడో మెట్టు చేయకుండానే వదిలేసింది.

అంచుకు కట్టి ఉన్న మూడుపేటల తాడును పట్టుకుంది. దాన్ని అల్లింది తనే కాబట్టి పిల్లలు దాన్ని టీచరు జడ అంటారు. బరువు తక్కువైనవాళ్ళు ఆ జడ పట్టుకుని వెనక్కి వాలితే, శరీరం నలభై సెంటీమీటర్లు బయటికి జరిగి, ఆ మేరకు తిప్పేబలం పెరుగుతుంది. పడవ పక్కకు ఒరిగింది. పడవ అడుగునుంచి పొడుచుకొచ్చే అడుగుపలక మీదికెక్కి మళ్ళీ వాలింది. స్తంభం నీళ్ళు కారుస్తూ లేచింది. బిగిసి ఉన్న తెరచాప గాలిని నిండా పట్టుకుంది. పడవ నిలబడి, ఆగకుండా, ఆమె తల మీదుగా రెండోవైపుకు పడిపోయింది.

స్టాప్‌వాచీలో డెబ్బై మూడు సెకన్లు.

రక్షణ పడవలోంచి బెండు గొంతు వినిపించింది. "టీచర్! క్లీటు పట్టేసింది! పరికరం లోపమని రాసేస్తాను, మళ్ళీ మొదటినుంచి చేద్దాం!"

"ఒకటి!" అని అరిచి, నోట్లోని నీళ్ళు ఉమ్మి, "పరికరం లోపం కాదే, నా లోపం! గడియారం ఆపావంటే చెవి మెలేస్తాను!" అంది.

రేవుమెట్ల మీద భర్త లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చోలేదు.

ఆమె తొందరపడలేదు. తొందర ఎన్ని సెకన్లు మింగుతుందో ఆమె కన్నా బాగా కొలిచినవాళ్ళు లేరు. పడవను వదలకుండా అంచు పట్టుకుని ఈదింది, ఒరిగి ఉన్న పడవలోకి చేయి పెట్టి తాడును క్లీటులోంచి పీకింది. పడవ ముక్కు దగ్గరికి వెళ్ళి, పట్టుకుని వేలాడింది, పడవే మెల్లగా తిరిగి గాలికి ఎదురు నిలిచింది. వెనక్కొచ్చి అడుగుపలక ఎక్కింది. జడ పట్టుకుంది. కుడి భుజం మొరాయించింది. దాన్ని బతిమాలలేదు. చేతులను ఉత్త తాడు మాదిరిగా ఉంచి, లాగడం మాని, మోకాళ్ళు నిటారు చేసి బరువంతా కాళ్ళతో వెనక్కి పంపింది.

పడవ లేచింది. ఈసారి తెరచాప గాలిలో టపటప కొట్టుకుందే తప్ప దేన్నీ పట్టుకోలేదు. ఆమె పడవ వెనుక అంచు మీదుగా పొట్టతో పాకి, లోపల పడి, కూర్చుని, చేయెత్తింది. కుడి చేయే ఎత్తింది.

ఒడ్డున రిజిస్టరు తెరిచారు. బెండు కళ్ళు తుడుచుకుంటూ కలం పట్టుకుంది.

"గాలీ నీళ్ళూ రాశావా?"

"రాశాను టీచర్."

"వివరాల గడిలో రాయి. మొదటి ప్రయత్నం విఫలం. తాడు విడిపించలేదు. తప్పు పరీక్షకు కూర్చున్నవారిది."

"అంతా రాయాలా?"

"రేపు పిల్లలకు ఇదే పాఠం. చదివి వినిపించాలి కదా."

భర్త తువ్వాలు తెచ్చి ఆమె భుజాల మీద కప్పి, ఎవరికీ వినపడకుండా, "నిన్నటి కుట్టు నిలిచిందా?" అన్నాడు.

"రెండుసార్లు ముంచినా పోగు కదల్లేదు" అని ఆమె తల పైకెత్తి తెరచాపను చూసింది. తర్వాత కలం అందుకుని, సమయం గడిలో ఉన్న అంకెను ఒకసారి సరిచూసి, దాని పక్కన సంతకం చేసింది.

174.