ఖాళీ చేతుల కావలివాడు

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో మనుషులు రెండే రకాలు. చేతిలో కర్ర ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. మొదటి రకం చెబితే జనం వింటారని, రెండో రకం చెబితే పక్కకి చూస్తారని నా గట్టి నమ్మకం. బైబిల్లో బూరలూ కుండలూ దివిటీలూ తప్ప ఇంకేమీ లేకుండా మహా సైన్యాన్ని తరిమేసిన ఆ మూడు వందల మంది కథను ఆదివారపు బడిలో గుక్కతిప్పుకోకుండా చెప్పి బహుమతి కూడా పుచ్చుకున్నాను (సబ్బుపెట్టె, మూత లేదు). అయితే వాక్యం నోటికి వచ్చినంత తొందరగా బుర్రకి ఎక్కదు. నాకు ఎక్కడానికి కతార్ దాకా రావలసి వచ్చింది. ఎక్కిన ఆ శుక్రవారాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, ఆ వెంటనే నవ్వూ వస్తుంది.

కర్ర మీద ఆ మోజుకి మూలం మా నాన్న. ఆయన గోదావరి జిల్లాలో హోంగార్డు. ఎరగనివారి కోసం చెబుతున్నాను, హోంగార్డంటే ప్రభుత్వం పిలిచినప్పుడు వచ్చి నిలబడే స్వచ్ఛంద సేవకుడు. ఖాకీ ఉంటుంది, విజిల్ ఉంటుంది, తుపాకీ ఉండదు. తిరనాళ్ళలో తాడు పట్టుకోవడం, వరదలో పడవలు తోలించడం, రోడ్డు మీద ప్రమాదం జరిగితే జనాన్ని వెనక్కి నెట్టడం ఆయన పని. బడిలో నన్ను అందరూ "తూటా లేని పోలీసు కొడుకు" అనేవారు. ఓ సాయంత్రం ఉక్రోషం పట్టలేక, "నాన్నా, నీకు తుపాకీ ఎందుకివ్వలేదు?" అని అడిగేశాను. ఆయన బెల్టు బిళ్ళ తోముకుంటూ, "ఇస్తే ఏ చేత్తో పట్టుకోన్రా? ఉన్న రెండూ తాడుకే చాలట్లేదు" అన్నారు. ఆ జవాబు నాకు అవమానంగా తోచింది. పెద్దయ్యాక ఏ కావలి పని చేసినా కర్ర లేకుండా చెయ్యకూడదని ఆ రాత్రే తీర్మానించుకున్నాను.

ఇరవై నాలుగేళ్ళ వయసులో దోహా వచ్చి, అల్ సద్‌లో ఒక కంపెనీలో ఫైళ్ళు సర్దే గుమాస్తాగా చేరాను. అక్కడ సెలవు రోజైన శుక్రవారం వస్తే అబూ హమూర్‌లో మా తెలుగు సంఘం ఆరాధన. ఒక భవనం కింది అంతస్తులో హాలు, దానికి ఒక్కటే పెద్ద గుమ్మం, వేదిక వెనక చిన్న వంటగది. నాలుగు వందల మందిమి ఆ గుమ్మంలోంచే రావాలి, పోవాలి. అందుకని ఆపదలో జనాన్ని భద్రంగా బయటికి పంపడానికి సంఘంలో ఒక కావలి దళం ఏర్పాటు చేశారు. ఆయుధం లేదు, జీతం లేదు, పచ్చగా మెరిసే చొక్కా మాత్రం ఉంది. దళానికి పెద్ద, మేమంతా విజిల్ అంకుల్ అని పిలిచే కృష్ణా జిల్లా ఆయన. తన కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. నేను చేరిన మొదటి రోజే నా కోరిక బయటపెట్టాను.

"అంకుల్, ఒక కర్ర ఇప్పిస్తే..."

"కర్రెందుకయ్యా? గొడ్లు కాస్తావా, సంఘాన్ని కాస్తావా?"

"కాపరికి దుడ్డుకర్ర ఉంటుంది కదండీ. వాక్యంలోనే ఉంది."

"అది తోడేలు కోసం. ఇక్కడ తోడేలెవరు? కానుకల సంచి పట్టే మామ్మగారా?"

ఆయన ఇవ్వకపోతే నేనే కొనుక్కున్నాను. హోల్‌సేల్ మార్కెట్లో ఒక కొట్టువాడి దగ్గర, రోడ్ల మీద బళ్ళు ఆపేవాళ్ళు ఊపే ప్లాస్టిక్ కర్ర దొరికింది. ఒకసారి నొక్కితే ఎర్రగా వెలుగుతుంది, రెండోసారి నొక్కితే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, మూడోసారి నొక్కితే కీచుమంటుంది (ఈ మూడో గుణాన్ని మా గదిలో ఒక్కసారి ప్రదర్శించాక, తోటివాళ్ళు దాని జోలికి వెళ్ళనని నా చేత ఒట్టు వేయించుకున్నారు). దాన్ని నడుముకి దోపుకుని గుమ్మం దగ్గర నిలబడితే, నాకు నేనే ఒక చిన్న రాజ్యంలా కనిపించేవాణ్ణి.

ఓ శుక్రవారం భవనం మేనేజరు ముందుగా చెప్పి అలారం పరీక్ష పెట్టాడు. ఆయన సూడాన్ మనిషి, తాటిచెట్టంత ఎత్తు, చేతిలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచీ. ప్రసంగం ముగుస్తుండగా అలారం మోగింది. నేను కర్ర వెలిగించి "లేవండి, లేవండి!" అని అరిచాను. ఒక్కరు లేస్తే ఒట్టు! అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. అయ్యగారు (మా పాస్టరు) ఇంకా ఆశీర్వాదం చెప్పలేదు మరి. మన సంఘాల్లో ఆఖరి ఆశీర్వాదం అందుకోకుండా వెళ్ళడమంటే విందుకి పోయి చెయ్యి మాత్రం కడుక్కుని రావడం. అయ్యగారు కూడా, అలారం మోగుతోంది కదా, ఇది మామూలు సమయం కాదని, ఎప్పటికంటే ఎక్కువసేపే ప్రార్థించారు. అది అయ్యాక అందరూ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు. చెప్పులు! లోపలికి చెప్పులతో రాము కదా. నాలుగు వందల జతలు గుమ్మానికి అడ్డంగా గుట్టపడి ఉన్నాయి, ఎవరివి వాళ్ళు వెతుక్కుంటున్నారు. నేను ఎర్రకర్ర ఊపుతూ మధ్యలో దూరాను. మదీనత్ ఖలీఫాలో ఒక ఇంట్లో పనిచేసే కడపక్క (ఊరు కడప, అందరికీ అక్కే) నన్ను నిలువునా చూసి, "ఆ కట్టె యాడన్నా పెట్టబ్బయా. అంత ఎలుగుండాది కదా, ఆ ఎలుగులో నా ఎడమకాలి చెప్పు చూపీ" అంది.

అందరం బయటపడేసరికి మేనేజరు స్టాప్‌వాచీ ఆపి, కాగితం మీద రాసుకుంటూ పైకి చదివాడు. "ఇలెవన్ మినిట్. ఆల్ డెడ్."

నేను నిర్ఘాంతపోయాను. నాలుగు వందల మందిని ఒక్క గీతతో చంపేశాడు. అందులో నేనూ ఉన్నాను, కర్రతో సహా. ఆ తరవాత ఆయన చెప్పింది ఇంకా దారుణం. మళ్ళీ పరీక్ష ఉంటుంది, ఎప్పుడన్నది చెప్పడు, నాలుగు నిమిషాలు దాటితే హాలు ఇక మాకు ఖలాస్.

అందరికంటే ఎక్కువ బెదిరింది కడపక్క. "మా మేడమ్ శుక్రవారం రెండు గంటలు ఇడుస్తుందబ్బయా. ఈ హాలుకైతే సరే అంటాది. ఇంకో చోటికని మల్లా అడిగితే మాఫీ, లేదు పో, అనేస్తుంది. వారమంతా వాళ్ళ పని, వాళ్ళ మాట. ఈ రెండు గంటలే నేను తెలుగులో ఏడ్చేది, తెలుగులో పాడేది" అంది.

నాన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఒరే, వరదప్పుడు ఏటి మధ్య లంకలో జనం ఇళ్ళొదిలి రారు. మేం గొంతులు చించుకున్నాం, ఎవడూ కదల్లేదు. ఆఖరికి నేను వాళ్ళ మేకల్ని తీసుకెళ్ళి పడవెక్కించేశాను. మేకల వెనకాల ముసలమ్మ వచ్చింది, ముసలమ్మ వెనకాల ఇల్లంతా వచ్చింది. జనం దేనికోసం ఆగుతున్నారో చూడు. దాన్నే ముందు నువ్వు బయటికి పట్టుకెళ్ళు" అన్నారు.

"మరి కర్ర, నాన్నా?"

"చేతిలో కర్రుంటే జనం కర్రని చూస్తార్రా. ఏమీ లేకపోతే నీ మొహం చూస్తారు. కాబట్టి మొహం సరిగ్గా పెట్టుకో."

ఫోన్ పెట్టేశాక కూర్చుని ఆలోచించాను. మా జనం ఆగుతున్నది ఆశీర్వాదం కోసం. అంటే మా మేక అయ్యగారన్నమాట! ఆయనకి ఈ సంగతి మేక ప్రస్తావన లేకుండా చెప్పాలని శతవిధాలా ప్రయత్నించాను గాని, రెండో వాక్యంలోనే నోరు జారింది. అయ్యగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "తీర్పునాడు మేకలు ఎడమవైపు, నరకానికి పోయేవాళ్ళలో నిలబడేవి కదయ్యా. గొర్రె అనుంటే బాగుండేది" అన్నారు. అని, ఒప్పుకున్నారు. ఇక మీదట అలారం మోగితే ప్రసంగం ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది, ఆశీర్వాదం పార్కింగ్‌లోనే అని సంఘానికి ప్రకటించారు కూడా. చెప్పుల సమస్యని కడపక్క తీర్చింది. ఎవరి జత వాళ్ళు గుడ్డసంచిలో వేసుకుని కుర్చీ కింద పెట్టుకోవాలి. కాళ్ళు బోసిగా ఉండాలి గాని చెప్పులు ఎక్కడుంటేనేం అని పెద్దలు రెండు వారాలు చర్చించి సరేనన్నారు.

నెల దాటింది. అది ప్రేమ విందు, అంటే ఆరాధన తరవాత అందరం కలిసి భోంచేసే విందు, ఉన్న శుక్రవారం. అయ్యగారు ప్రసంగం మధ్యలో ఉన్నారు, ఆయన చెబుతున్న కథలో ఎడారి దాటే జనం ఇంకా సగం దూరం కూడా నడవలేదు. అలారం మోగింది. పరీక్ష వచ్చేసిందనుకున్నాను. వేదిక దగ్గరికి పరుగెత్తాను. అయ్యగారిది భారీ విగ్రహం, మోకాళ్ళ నొప్పులు, మెట్లు దించాలంటే రెండు చేతులూ కావాలి. వేరే దారి లేక నా ఎర్రకర్రని వేదిక మీద కుర్చీలో పెట్టి, ఆయన్ని పట్టుకుని నడిపించాను. నాన్న చెప్పినట్టే జరిగింది. అయ్యగారు కదిలేసరికి ముందు వరస లేచింది, ఆ వెనక అందరూ సంచులు చంకన పెట్టుకుని లేచారు. నేను మొహం సరిగ్గా పెట్టుకున్నాను. అంటే, నవ్వాను.

సగం దారిలో కడపక్క వేదిక పక్క నుంచి వచ్చింది. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "నవ్వుతానే పో అబ్బయా. ఆ నవ్వు మాత్రం ఆపద్దు" అంది. నన్ను ఎన్నడూ మెచ్చుకోని మనిషి! నేను పొంగిపోయి ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టాను. గుమ్మం దగ్గర అయ్యగార్ని విజిల్ అంకుల్‌కి అప్పగించి, పక్కన నిలబడి, "నెమ్మదిగా అమ్మా, పాపని ఎత్తుకోండి, తోసుకోకండి, మంటా లేదు గింటా లేదు, ఆశీర్వాదం బయటుంది!" అని పెళ్ళికి ఆహ్వానించినట్టు ఒక్కొక్కరికీ చెప్పాను. చంటిపిల్లల తల్లులు నా మొహం చూసి నవ్వుతూ వెళ్ళారు.

బయట నడినెత్తిన ఎండ. తారు నేల పెనంలా ఉంది. సంచులున్నవాళ్ళు చెప్పులు వేసుకున్నారు గాని అయ్యగారి సంచి వేదిక మీదే ఉండిపోయింది. ఆయన ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూ, మా సంఘ చరిత్రలోనే అతి చిన్న ఆశీర్వాదం చెప్పారు. అంత గట్టి "ఆమేన్" నేనెప్పుడూ వినలేదు. అప్పుడు అందరికంటే వెనక కడపక్క వచ్చింది, అయ్యగారి చెప్పులు చేత్తో పట్టుకుని. మోచేతి దాకా మసి.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, చేతిలో స్టాప్‌వాచీ లేదు. "ఫైర్! ఫైర్!" అన్నాడు. నేను నవ్వుతూనే, "ఎస్ సార్, వెరీ గుడ్ డ్రిల్" అన్నాను. ఆయన నా గడ్డం పట్టుకుని తల వెనక్కి తిప్పాడు.

వంటగది కిటికీలోంచి నల్లటి పొగ సుడులు తిరుగుతోంది. చూస్తుండగానే అద్దం పగిలి నాలుక లాంటి మంట బయటికి వచ్చింది. నేను అయ్యగార్ని దించిన మెట్లకీ ఆ గదికీ మధ్య ఒక చెక్క తలుపు, అంతే. నేను ఆ తారు మీదే కూలబడ్డాను. అది కాలుతోందని కూడా తెలియలేదు. మొహం మీద నవ్వు మాత్రం అలాగే బిగుసుకుపోయి ఉందట. విజిల్ అంకుల్ తన అరచేత్తో దాన్ని సరిచేశారు.

జరిగిందిది. విందు వంటలు వేడిచేస్తున్నవాళ్ళు పొయ్యి ఆర్పకుండా, కారులో ఉన్న సాంబారు గిన్నె కోసం వెళ్ళారు. పొయ్యి పక్కనున్న కాగితం పళ్ళేల పెట్టెలు అంటుకున్నాయి. మంచినీళ్ళకి వెళ్ళిన కడపక్క చూసింది. గ్యాస్ కట్టేసి, తలుపు మూసి, తడిగుడ్డలు తలుపు కింద కుక్కి, అలారం నొక్కింది. ఒక్క కేక కూడా పెట్టలేదు. అగ్నిమాపక బండ్లు వచ్చి ఆర్పేశాయి. వంటగది పోయింది, వేదిక సగం పోయింది, మనిషికి ఒక్క బొబ్బ లేదు (అయ్యగారి అరికాళ్ళు మినహా).

"అక్కా, నాకు చెప్పలేదేం?" అన్నాను.

"చెప్పుంటే నీ మొగం అట్లుంటుండెనా? నిప్పని నీకు తెలిసుంటే, నీ మొగంలో అందరికీ తెలుస్తాండె. ఆ వాకిట్లో చంటిబిడ్డలు ఎంతమంది ఉన్న్యారు! ఒక్కరు అరిస్తే చాలు, పొగ కంటే ముందు మనమే తొక్కి చంపుకుంటాంటిమి."

నాకు ఇంకో దిగులు పట్టుకుంది. అబద్ధం ఆడకూడదని పెరిగినవాణ్ణి, గుమ్మంలో నిలబడి మంట లేదని నాలుగు వందల మందికి చెప్పాను. అయ్యగారి దగ్గర ఒప్పుకుంటే, ఆయన పాదాలకి మందు రాసుకుంటూ, "నువ్వు నమ్మిందే చెప్పావు. నీకు నిజం తెలియకుండా కాచిన తల్లిని దేవుడు చూసుకుంటాడులే" అన్నారు. దేవుడి సంగతేమో గాని, ఆవిడ మేడమ్ ఈ కథ విని శుక్రవారం ఇంకో అరగంట పెంచింది.

మరమ్మతులయ్యే దాకా పార్కింగ్‌లో గుడారం వేసుకుని ఆరాధించాం. హాలు మళ్ళీ మాకే ఇచ్చారు. తాళాలిచ్చే రోజు మేనేజరు పాత కాగితం మీద "ఆల్ డెడ్" కొట్టేసి, కింద "ఆల్ అలైవ్" అని రాసి, ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. విప్పితే, కరిగి బెల్లంపాకంలా వంకర్లు పోయిన నా ఎర్రకర్ర.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "కర్ర పోయిందా?" అన్నారు.

"కరిగిపోయింది నాన్నా."

"పోన్లే. ఇక రెండు చేతులూ ఖాళీయే కదా."

ఇన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ దళంలో విజిల్ నా మెడలో ఉంది. ఆఫీసులో ఎప్పుడు అలారం మోగినా అందరి మొహాలూ పాలిపోతాయి, నా మొహం మీదికి మాత్రం ముప్పై రెండు పళ్ళతో నవ్వు వచ్చేస్తుంది. ఇతనికి పిచ్చా అని తోటివాళ్ళు గుసగుసలాడతారు. నేను అందరినీ నడిపించుకుంటూ మెట్లు దిగుతాను. దిగుతూ ఒక్కసారి మాత్రం, మంట పక్కన నిలబడి మంట లేదని సంబరంగా చెప్పిన ఆ ఇరవై నాలుగేళ్ళ పిచ్చివాణ్ణి తలచుకుంటాను. చేతులు అప్పుడప్పుడూ నడుము దగ్గర కర్ర కోసం తడుముతాయి. ఏమీ తగలదు. అదే ధైర్యం.