రాయబారి ఒంటి మడతలు

ఆ అంతరిక్ష సీరియల్ మొదలై ఇరవై రెండేళ్లయింది. అందులో రాయబారి అనే పచ్చటి గ్రహాంతరవాసి ఒంటి మీద పదకొండు నిలువు మడతలుంటాయి. ఒక్కో మడత వాళ్ల లోకంలో ఒక్కో నూరేళ్ల ఆయుష్షుకు గుర్తని అభిమానులు తేల్చారు. రచయితలకు అది తెగ నచ్చి కథలో కలిపేసుకున్నారు. పదిహేనో ఏట ఒక ఎపిసోడ్‌లో ఓ చిన్నపిల్ల ఆ మడతల్ని వేలితో లెక్కపెడుతుంటే ఇళ్లలో జనం కళ్లొత్తుకున్నారు. మడతల మీదే ఒకాయన నూట నలభై పేజీల పుస్తకం రాశాడు. దాన్నిండా భక్తి తప్ప ఇంకేమీ లేదు.

అసలు సంగతేమిటంటే, రాయబారి లోపలుండే మనిషి లావెక్కుతూ వచ్చాడు.

మడతలు అందుకేనని లోకంలో ఒక్కరికే తెలుసు. ఆవిడ స్టూడియో రెండో భవనంలో మెట్ల కింది కుట్టుగదిలో కూర్చుంటుంది. డైరెక్టర్ల దగ్గర్నుంచి కాపలావాడి దాకా అందరూ ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తారు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ పెట్టె, తల లేని బొమ్మలు మూడు, ఇదీ ఆవిడ రాజ్యం. మొదటి ఏడాది నౌక కిటికీలకు తెరలు కుట్టడానికొచ్చి అక్కడే ఉండిపోయింది. నౌక గోడలు కోడిగుడ్ల అట్టలకు వెండిరంగు పూసినవి. కెప్టెన్ సింహాసనం పళ్లడాక్టరు పారేసిన కుర్చీ. రాయబారికి చేతికి నాలుగే వేళ్లెందుకని అభిమానులు ఉత్తరాలు రాసేవాళ్లు, అది వాళ్ల గణితానికి మూలమేమోనని. "గుడ్డ చాల్లేదు" అనేది పిన్ని జవాబు. తెరవెనుక త్యాగమూర్తులు అని ఎవరైనా పత్రికవాళ్లు ఎత్తుకుంటే, "నాకు జీతమిస్తున్నారు నాయనా" అని మళ్లీ మిషను తొక్కేది.

రాయబారిని పనివాళ్లు కాకరకాయ అంటారు. లోపలి మనిషిని లోపలాయన అంటారు. ఒకప్పుడు నాటకాల్లో కత్తియుద్ధాలు చేసినవాడు. ఈ ఇరవై రెండేళ్లలో ఆయన ముఖం తెర మీద ఒక్కసారీ కనబడలేదు. దానికాయన బాధపడలేదు గానీ ఒళ్లంటే మాత్రం ప్రాణం. "మొదటిరోజు తొడుక్కున్న సూటే ఈరోజూ తొడుక్కుంటున్నా. ఎవరినైనా చెప్పమను ఈ మాట!" అని కాంటీన్‌లో రొమ్ము విరుచుకునేవాడు.

ఇదంతా నాలుగో ఏడాది మొదలైంది. అప్పటి మేనేజరు ఒక కాగితం అంటించాడు: సూటు వేసుకునేవాళ్ల కొలత రిజిస్టరులో ఉన్నదానికి రెండంగుళాలు మించితే మరొకరిని చూసుకుంటాం. ఆ వారమే కొలతల రోజొచ్చింది. రిజిస్టరులో లోపలాయన నడుము ముప్ఫై రెండు. టేపు ముప్ఫై అయిదు చూపించింది. ఇంట్లో ఆయనకు పాలుతాగే బిడ్డ, చేతిలో వేరే పని లేదు. పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకునే "ముప్ఫై రెండు" అంది, ముప్ఫై రెండే రాసింది. మర్నాడు సూటు పక్క కుట్టు విప్పి బెత్తెడు గుడ్డ కలిపి, అతుకు కనబడకుండా మడత వేసింది. అదే రాయబారికి మొదటి నూరేళ్లు.

ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది. ఏటా ఆయన ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఆవిడ ముప్ఫై రెండని కేక పెట్టేది.

"చూశావా అమ్మాయ్? ఉక్కు!"

"ఉక్కే అన్నయ్యా."

ఆ వారంలోనే సూటు కుట్టు విప్పి మరో మడత వేసేది. ఆయన జ్వరమొచ్చి చిక్కిన ఏళ్లలో మాత్రం రాయబారికి వయసు పెరగలేదు.

ఈ ఏడు మేనేజరుగా కొత్త మేడమొచ్చింది. చురుకైన మనిషి. పద్నాలుగు కిలోల పాత సూటు, అందులోనూ తడిస్తే ముక్కు మూసుకోవలసిన సూటు, అరవై దాటిన మనిషి చేత మోయించడం పాపమనుకుంది. తేలికపాటి రబ్బరు సూటు చేయించమని బయటి కంపెనీకి చెప్పింది. గుమాస్తా బుద్ధిగా రిజిస్టరు చూసి కొలతలు పంపాడు. పిన్ని అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని పది రోజులు ఇంట్లో ఉంది. తిరిగొచ్చేసరికి సూటు వచ్చేసింది.

అది లోపలాయన తొడల దగ్గర ఆగిపోయింది. నలుగురు పట్టి లాగారు. పౌడరు చల్లారు.

"రబ్బరు ముడుచుకుపోయింది" అన్నాడాయన, చెమటలు కక్కుతూ.

"మా రబ్బరు ముడుచుకోదు సార్" అన్నాడు కంపెనీ మనిషి.

స్టంట్లు చేసే కుర్రాడొకడు సరదాకు కాలు పెడితే పాము పుట్టలోకి పోయినట్టు జారిపోయాడు. ఎవరో ఫైలులోంచి రెండంగుళాల సంగతి రాసిన ఆ పాత కాగితం తీశారు. మేడమ్ అది చదివి, లోపలాయన వంక చూసి, "గురువారం ఉదయం తేల్చేద్దాం. ఇబ్బందిగానే ఉంది, కానీ షూటింగ్ ఆగదు కదా" అంది.

ఆ సాయంత్రం లోపలాయన కుట్టుగదికొచ్చి బొమ్మల పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"అమ్మాయ్, పోయిన ఏడు ముప్ఫై రెండేగా?"

పిన్ని దారం ఎక్కిస్తున్నట్టు సూది కళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఏడాదిలో మనిషి ఇంత ఊరతాడా? ఇది తిండి కాదు, ఏదో గడ్డ. మా బావమరిదికీ ఇట్లాగే అయింది. శుక్రవారం స్కానింగుకి రాయించుకున్నా. ఇంట్లో ఇంకా చెప్పలేదు." కాస్త ఆగి, "ఆ కుర్రాడికి నడక నేర్పించి పోతాలే. పక్కకి ఒరిగి నడవాలి కాకరకాయ" అన్నాడు.

ఇంటికెళ్లాక పిన్ని మొగుడితో మొత్తం చెప్పింది. ఆయన బస్సు తోలి రిటైరైన మనిషి. ఉల్లిపాయలు తరుగుతూ విన్నాడు.

"పొట్ట ఆయనది, అబద్ధం నీది. మధ్యలో ఆ గడ్డ ఎవరిదే?"

"వేళాకోళాలొద్దు. చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే పని పోతుంది."

"పరువుకి నువ్వు మరో మడత వెయ్యగలవు. పని పోతే ఏం కుడతావు?" ఉల్లిపాయ ఘాటుకి ముక్కు తుడుచుకున్నాడు. "నేను ముప్ఫై ఏళ్లు టైముకే పోయానని రాసుకున్నా. ఒక్కరోజన్నా పోయానా? రాసేటప్పుడు అందరం దేవుళ్లమే."

గురువారం ఉదయం పిన్ని పాత సూటు మోసుకెళ్లి మేడమ్ గదిలో బల్ల మీద పరిచింది. లోపలాయన ఉన్నాడు, కంపెనీ మనిషున్నాడు, రిజిస్టరుతో గుమాస్తా ఉన్నాడు. ఆవిడ సూటు తిరగేసి లోపలి కుట్లు చూపించింది.

"ఇది నాలుగో ఏడు. ఇది అయిదు. ఇది వాళ్లమ్మాయి బడిలో చేరిన ఏడు. పదకొండు మడతలు, పన్నెండంగుళాలు. రిజిస్టరులో నేను రాసినవన్నీ అబద్ధాలు మేడమ్. ఆయనకు తెలీదు."

లోపలాయన వంగి ఒక్కో కుట్టూ తడిమి చూశాడు.

"ఇన్నేళ్లు నన్ను వెర్రివెధవని చేశావా?"

"మీ ఇంట్లో అద్దం లేదా అన్నయ్యా?"

"అద్దంలో ఎదురుగా చూసుకుంటాను. పక్కకి తిరిగి ఎవడు చూసుకుంటాడు?" గొంతు పెంచాడు. "రాత్రి నిద్ర లేదు నాకు! ఆస్తి కాగితాలు కూడా వెతికిపెట్టా! ఆ గడ్డ…"

"గడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు. తిన్నారు. నేనూ తిన్నా. నా జాకెట్లు విప్పి చూడమను ఎవరినన్నా."

కంపెనీ మనిషి కిటికీ వైపు తిరిగిపోయాడు. మేడమ్ నవ్వలేదు. "తప్పు కొలత రాస్తే ఏమవుతుందో చూశారుగా పిన్నిగారూ? ఒక మనిషి జబ్బనుకున్నాడు. ఒక సూటు దండగైంది."

"అయింది మేడమ్. నన్ను తీసేస్తే తీసేయండి. కానీ ఒక్కటి చూడండి. ఆ కుర్రాడు రబ్బరు సూటులో కూర్చుంటే మడతలు ఖాళీ సంచుల్లా వేలాడుతున్నాయి. మడతలకి కొలతలేమీ నేను కనిపెట్టలేదు, ఈయన ఒంటి మీంచి తీసుకున్నాను. కథలో పదకొండు వందల ఏళ్లని మీరే పెట్టుకున్నారు. ఆ ఏళ్లకి మనిషి కావాలి కదా?"

మేడమ్ పాత కాగితం మళ్లీ చదివింది. సంతకం పెట్టిన మేనేజరు పోయి పదేళ్లయింది. కాగితాన్ని ఫైలులో పెట్టకుండా పక్కన బోర్లించింది.

"కొత్త అచ్చు పోయడానికి ఎన్నాళ్లు?"

"ఆరు వారాలు" అన్నాడు కంపెనీ మనిషి. "నిజం కొలతలిస్తే."

"ఆరు వారాలూ పాత సూటే. రాయబారి మారడు. రిజిస్టరు మాత్రం ఇకనుంచి గుమాస్తా రాస్తాడు, మీరు కాదు పిన్నిగారూ. టేపు తీయండి."

ఆ మాటకి పిన్ని ముఖం చిన్నబోయింది. ఇరవై రెండేళ్ల రిజిస్టరు. అయినా మెడలోంచి టేపు తీసింది. లోపలాయన ఆవిడ వైపు చూడకుండా లేచి నిలబడి, అలవాటు ప్రకారం చేతులు దూరంగా పెట్టాడు. టేపు చుట్టింది. నలభై రెండు. ఆయన పెదవులు బిగిసి ఉన్నాయి, మెడ నరాలు పొంగి ఉన్నాయి.

"ఊపిరి వదలండి అన్నయ్యా."

ఆయన వదల్లేదు. గుమాస్తా కలం పట్టుకుని కాచుక్కూర్చున్నాడు. లోపలాయన ముఖం ఎర్రబడింది, చెవులెర్రబడ్డాయి. పిన్ని తొందరపెట్టలేదు. చివరికి ఎవరో టైరులో గాలి తీసినట్టు ఒక నిట్టూర్పు వచ్చింది. దాంతోపాటు ఇరవై రెండేళ్ల ఉక్కూ కిందికి దిగింది. టేపు పిన్ని వేళ్ల మధ్యనుంచి రెండంగుళాలు జరిగింది.

"నలభై నాలుగు" అంది, గది అవతలికి కూడా వినబడేట్టు.

"ఇంకో అరంగుళం వేసుకో" అన్నాడు లోపలాయన. "ఇంకా కొంచెం ఉంది లోపల."