పొట్టి క్లారినెట్

నా చిన్నప్పుడు మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, పత్తికొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకు క్లారినెట్ వాయించేవాడు. పన్నెండేళ్లు వచ్చేసరికి నేనూ ఆయన పక్కన నిలబడి అదే పాట వాయించేవాణ్ని. ఇద్దరివీ పొడుగు క్లారినెట్లే. పొట్టిది ఒకటి వాడకుండా పెట్టెలో ఉండేది. పొడుగుదాని మీద 'స' పలికే వేళ్లే పొట్టిదాని మీద పెడితే 'మ' పలుకుతుందని జేజినాయన ఒకసారి వాయించి చూపించాడు. నేను సగమే విన్నాను.

ఎండలో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా, ఆటకు పోతూ నా క్లారినెట్‌ను మిద్దె మీద వదిలేశాను. సాయంత్రానికి కర్ర నిలువునా పగిలింది. మరునాడే కోడుమూరులో పెళ్లి. భయంతో దాన్ని గడ్డివామిలో దాచి, పొట్టిదాన్ని సంచిలో వేసుకున్నాను. బస్సులో జేజినాయన పెట్టిన బొరుగులు తినకుండా జేబులో పోసుకున్నాను.

ఊరేగింపు మొదలైంది. నాకు తెలిసిన వేళ్లే పెట్టి ఊదాను. రెండు క్లారినెట్లూ రెండు దారులు పట్టాయి.

"ఏమప్పా, తాతా మనమడూ జగడమాడుతాండారా?" అని ఎవరో అరిచారు. జనం నవ్వారు. పెళ్లికొడుకు నాన్న మాత్రం నవ్వలేదు. "ఇదేం మేళమప్పా! సాలు, ఆపి ఎలబారండి," అన్నాడు.

జేజినాయన నా చేతిలోనిదాన్ని చూశాడు. అందరి ముందూ కొడతాడనుకున్నాను. "నువ్వు ఆపొద్దు, ఊదు," అన్నాడు. డప్పు నాలుగు దెబ్బలు పడేలోపు తన వేళ్లు మార్చుకుని నా శ్రుతికి వచ్చేశాడు. రెండూ కలిసేసరికి పెళ్లికొడుకు నాన్న తలూపి ముందుకు నడిచాడు. అంత పైస్థాయిలో ఊదడానికి ఆ వయసులో ఊపిరి చాలదు. మెడ నరాలు ఉబ్బాయి. అయినా పెళ్లివారిల్లు చేరేదాకా ఆపలేదు.

తర్వాత అరుగు మీద కూలబడి దగ్గుతూ, "నీది యాడరా?" అన్నాడు. తొందరలో పొట్టిది తీసుకున్నానని అబద్ధమాడాను. ఆయన నమ్మాడు. దగ్గు మాత్రం ఆగలేదు. ఆయనకేమైనా అవుతుందేమోనని భయపడి, ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"పగిలితే పగిలె. నిన్ననే చెప్పింటే నేను ఇంటికాడే ఆ వేళ్లు సాధన చేసుకుంటుంటి కదరా," అన్నాడు. అంతే. కొట్టలేదు.

ఆ తర్వాత కూడా నేను తప్పులు దాచాను. భార్య దగ్గరా, పిల్లల దగ్గరా దాచాను. దాచిన ప్రతిసారీ ఆ బరువు వాళ్ల మీదే పడింది. ఈ వయసుకు ఒక్కటి చేతనైంది. తప్పు చేస్తే, ఎదుటివాళ్లు సర్దుకునే వ్యవధి ఉండగానే చెప్పేస్తున్నాను. భయం మాత్రం ఇప్పటికీ పోలేదు.