సంఘానికి పంపిన ఫారం

హిందూపురం ఆసుపత్రిలో పోలియో పిల్లలకు నడక నేర్పడం నా పని. పదేళ్లు చేశాను. మా పెద్ద డాక్టరమ్మ దగ్గరుండి నేర్పింది. కాలేజీ మెట్లు నేనెక్కలేదు. పెనుకొండ నుంచి, ధర్మవరం మగ్గాల ఇళ్ల నుంచి తల్లులు బిడ్డలను చంకనేసుకుని వచ్చేవాళ్లు. వేడినీళ్లలో ముంచి పిండిన ఉన్నిగుడ్డ కాలికి చుట్టి, బిడ్డ ఏడుపు మానేదాకా ఊరికే మడమ పట్టుకుని కూర్చునేదాన్ని. బిడ్డల దగ్గర నాకు తొందర లేదు. పెద్దవాళ్ల దగ్గర మాత్రం నోరు జాస్తి.

అరవైల మొదట్లో, బొంబాయిలో ఫిజియోథెరపీ డిప్లమా చదివిన కుర్రవాడు మా దగ్గర చేరాడు. పుస్తకం బాగా వచ్చు గానీ, అతని చేయి తగిలితే చాలు, బిడ్డలు కెవ్వుమనేవాళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని మడమ పట్టడం నుంచీ నేర్పాను. అక్కా అన్నాడు. మా ఇంట్లో సంగటి తిన్నాడు.

"మనవాళ్లకు ఒక సంఘం ఉండాదక్కా" అన్నాడొకరోజు. "మాలీషు చేసేవాళ్లు వేరే, మనం వేరే అని సర్కారుకు చెప్పేది అదే. అందులో పేరు లేకుంటే రేపు రోగిని ముట్టుకోనియ్యరు. పాతవాళ్లను అనుభవం చూసి చేర్చుకుంటాండారు."

మనం అన్నాడు కదా, పొంగిపోయాను. ఫారమంతా ఇంగ్లీషు. సంతకం చేసియ్యి, మిగతాది నేను రాస్తానన్నాడు. తెలుగులో సంతకం చేసిచ్చాను. ఇంటి మనిషిని అనుమానిస్తామా?

మూడు నెలలకు ఫారం తిరిగొచ్చింది. డాక్టరమ్మ చదివి చెప్పింది. ఉద్యోగం అన్నచోట ఆయా. అనుభవం అన్నచోట 'లేదు' అని. ఆయాలకు సభ్యత్వం లేదని సంఘం జవాబు. సంఘాన్ని నేనేమీ అనను, వాళ్లకు కనబడింది కాగితమే.

"ఏమప్పా, ఇది నీ రాతేనా?" అని అడిగాను.

తల ఎత్తలేదు. "నేను సాక్షి సంతకం చేయాల కదక్కా. నీ పని నాకెట్ల తెలుసని సంఘంవాళ్లు అడిగితే ఏం చెప్పేది? నాకు నేర్పింది నువ్వేనని తెలిస్తే నా డిప్లమాకు మర్యాద యాడుంటాది?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు గట్టిగానే అడిగాను. న్యాయం చెప్పమని డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"నాకు తెలుసమ్మా. కానీ నువ్వు ఆయావని కాగితం వచ్చినాక నేనేం చేసేది? బిడ్డలను అతనికి అప్పజెప్పు" అంది.

నాకు పని నేర్పిన మనిషి ఆమే. అప్పజెప్పాను.